ధౌమ్యుడు చెప్పిన కొలువు ధర్మం

రాజసూయం చేసిన ధర్మరాజు చక్రవర్తికి కూడా కొలువులో ఎలా మసలుకోవాలో చెప్పించుకోవలసిన రోజు వచ్చింది. పన్నెండేళ్ల వనవాసం ముగిసింది. అజ్ఞాతవాసం కోసం విరాటరాజు నగరానికి బయల్దేరుతున్న పాండవులకు పురోహితుడు ధౌమ్యుడు చెప్పిన బుద్ధులు విరాటపర్వం మొదట్లోనే ఉంటాయి. వానలు పడకపోతే విరాటపర్వం చదివించే ఆనవాయితీ మన ఊళ్లది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనన్న దిగులు ఉన్న ఇంట్లోనూ ఆ పుటలు ఒకసారి చదువుకోమని నా మనవి.

ధౌమ్యుడు మొహమాటం లేకుండా చెబుతాడు. రాజు దగ్గర చనువు ఉంది కదా అని ఆయన ఆసనం మీద కూర్చోకూడదు, ఆయన రథం ఎక్కకూడదు. అడగనిదే సలహా ఇవ్వకూడదు. లోపలి సంగతి బయటకు పొక్కనీయకూడదు. అప్పగించిన పనిలో డబ్బుకు ఆశపడితే చెరసాలో చావో తప్పదు. రాజు మేడను మించిన ఇల్లు కట్టుకోవద్దని తిక్కనగారి ధౌమ్యుడు మరీ హెచ్చరిస్తాడు.

ఇవన్నీ ఒళ్లు కాపాడుకునే జాగ్రత్తలు. నా మనసుకు పట్టిన మాట వేరు. రాజు ఇంకొకరికి పని పురమాయిస్తున్నప్పుడు, ‘నేనేం చేయను?’ అంటూ తానుగా ముందుకు వచ్చేవాడే కొలువుకు తగినవాడట. సాయంత్రం ఇంటికి బయల్దేరే వేళకు ఆఫీసులో ఒకరి నెత్తిన అర్జెంటు పని పడుతుంది. చుట్టూ ఉన్నవాళ్ల కళ్లు ఒక్కసారిగా కంప్యూటర్ల మీదికి దిగిపోతాయి. వాళ్లలో ఒకడు మాత్రం కుర్చీ దగ్గరకు జరుపుకొని, “ఆ లెక్కలు నేను సరిచూస్తాలే, నువ్వు రిపోర్టు మొదలుపెట్టు” అంటాడు. పైవాళ్ల కళ్లలో పడాలని కాక, పక్కవాడి బరువు చూసి కదిలాడా, అతడు చేసింది పూజే.

కొలువుకు వచ్చాక ఆలుబిడ్డలను తలచుకోకూడదన్న మాట కూడా ఆ బోధలో ఉంది. అది ఆనాటి రాజాస్థానాల సంగతి. రాత్రి పది దాటినా ల్యాప్‌టాప్ మూయలేని మన పిల్లలకు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాదు.

పాండవులు ఒట్టి అణకువతోనే విరాటుడి కొలువు సంపాదించలేదు. ఏ జూదంలో సర్వస్వం పోగొట్టుకున్నాడో ఆ జూదం మర్మాన్నే ధర్మరాజు అడవిలో బృహదశ్వ మహర్షి దగ్గర నేర్చుకున్నాడు. ఆ విద్యతోనే కంకుభట్టుగా రాజుకు దగ్గరయ్యాడు. అర్జునుడికి స్వర్గంలో చిత్రసేనుడు నేర్పిన ఆటపాటలు అతడు బృహన్నలగా మారినప్పుడు అన్నం పెట్టాయి. చేతిలో పని లేని రోజుల్లో కుంగిపోతున్నవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే బాగుండును.

అయితే అణకువకూ ఒక హద్దుంది. రాజు బావమరిది కీచకుడు నిండు సభలో, సైరంధ్రిగా ఉన్న ద్రౌపదిని తన్నినప్పుడు విరాటుడు న్యాయం చెప్పలేకపోయాడు. ఆమె నోరు మూసుకోలేదు, జీతమిచ్చే రాజునే అక్కడికక్కడ నిలదీసింది. మానం మీదికి వచ్చినప్పుడు సర్దుకుపొమ్మని ఏ ధర్మమూ చెప్పదు.

కంకుభట్టు ఘట్టం ఇంకా లోతైనది. కొడుకు ఉత్తరుడు కౌరవుల్ని గెలిచాడన్న సంబరంతో రాజు పాచికలు ఆడుతున్నాడు. బృహన్నల సారథిగా ఉండగా గెలవకేం అంటాడు కంకుడు. రాజుకు కోపం వచ్చింది. అయినా కంకుడు మాట మార్చలేదు. రాజు పాచికను విసిరి ముఖం మీద కొట్టాడు. ముక్కు నుంచి కారుతున్న నెత్తురు నేల పడకుండా ధర్మరాజు దోసిట పట్టాడు. ఆయన చూపు గ్రహించి సైరంధ్రి నీళ్లున్న బంగారు పాత్ర తెచ్చి పట్టింది. అంతలో ఉత్తరుడూ బృహన్నలా వాకిట ఉన్నారన్న కబురు వచ్చింది. ఉత్తరుణ్ని ఒక్కణ్నే లోపలికి పంపమని ధర్మరాజు ద్వారపాలకుడి చెవిలో చెప్పాడు. యుద్ధంలో కాక మరెక్కడైనా అన్నకు నెత్తురు చిందించినవాణ్ని బతకనివ్వనని అర్జునుడి శపథం మరి. తనను కొట్టిన రాజు ప్రాణాన్ని ఆ ఉద్యోగి అలా కాపాడాడు. తర్వాత కొడుకు మాట మీద విరాటుడు క్షమాపణ అడిగితే, నా కోపం ఎప్పుడో పోయిందన్నాడు.

అంతటి నిబ్బరం ఎక్కడిది? తన బతుకు విరాటుడి చేతిలో ఉందని ధర్మరాజు ఏనాడూ అనుకోలేదు. చేసే పని భగవంతుడి ఎదుట చేస్తున్నామన్న ఎరుక ఉన్నవాడికి పైవాడి చిటపటలు మనసు దాకా వెళ్లవు. ఉద్యోగం పోతే కష్టం కష్టమే, ఇంటి అద్దె, పిల్లల ఫీజులు ఆగవు. కానీ పోతుందేమోనన్న భయం అలాంటివాడి పనిని పాడుచేయదు.

ఈ కథను తెలుగు చేసిన తిక్కనగారూ కొలువు చేసినవారే. నెల్లూరు పాలకుడు మనుమసిద్ధి ఆస్థానంలో మంత్రి. ప్రభువు మీద గౌరవంతో నిర్వచనోత్తర రామాయణాన్ని ఆయనకే అంకితమిచ్చారు. ఆ తర్వాత విరాటపర్వంతో మొదలుపెట్టి పదిహేను పర్వాల భారతం రాసి, దాన్ని హరిహరనాథుడికి సమర్పించారు.