ఇంటి గడప, ఊరి కన్ను

బిడ్డకు బువ్వ పెట్టు విధమును పరులు వచ్చి నేర్పుదురనిన మన ముత్తవ్వలు నవ్వియుందురు. అయినను అది వ్యర్థము కాదు. నల్లగొండ జిల్లాలోని 60 గ్రామములలో జాతీయ పోషకాహార సంస్థవారు జరిపి 2013లో ప్రకటించిన పరిశోధనలో, శిక్షణ పొందిన పల్లెస్త్రీలు ఇంటింటికి పోయి, శిశువునకు మూడవ నెల మొదలు పదునైదవ నెల వఱకు, ఏమి తినిపింపవలెనో, బిడ్డ ఆకలిని కనిపెట్టి ఎట్లు తినిపింపవలెనో, ఎట్లు ఆడింపవలెనో తల్లులకు తెలిపిరి. ఈ మూడును నేర్చిన తల్లుల బిడ్డలు, మామూలు సేవలు మాత్రమే పొందిన బిడ్డలకంటె బుద్ధివికాసమున మిన్నగా నుండిరి.

ఇట్లు ఇండ్లకు పోవు పని నేడు ఊరూర అంగన్‌వాడి కార్యకర్తలది. మఱి వారిని ప్రశ్నించువా రెవరు? 2013 నాటి ఆహార భద్రతా చట్టము సామాజిక తనిఖీని విధించినది. తనిఖీ వలసినదే. కాని నిండు సభలో “ఫలానామె బిడ్డ తూకము తక్కువ” యని చదివినచో అది తనిఖీ యగునా, తలవంపులగునా? పాలమూరు పల్లెలలో తల్లిదండ్రులు వలసపోగా అవ్వ యొడిలో పెరుగు బిడ్డలు కలరు. ఆ అవ్వను గద్దించు హక్కు సభ కెక్కడిది?

కార్యకర్త వచ్చెనా, గ్రుడ్డు బిడ్డకు చేరెనా, త్రాసు సరిగా నున్నదా యని ఊరు విచారింపవచ్చును. పొయ్యిలోనికి తొంగిచూడ నక్కఱలేదు. అడుగవలసినవారు తల్లులును అవ్వలును. (పెద్దల సభలు కూలివేళనే యేల జరుగునో మాకు బోధపడదు.) కార్యకర్తయు ఆ యూరి ఆడుబిడ్డయే. రిజిస్టర్ల బరువుతో ఆమె కాళ్లు కట్టివేసి, ఇండ్లకు పోలేదేమని ఆమెనే నిలదీయుట మాకు సమ్మతము కాదు. ఆ ప్రశ్న పై కార్యాలయమునకు పోవలెను.