అంచుల్లో రాసినవి, అసలు రాయనివి

ఒకరు వాడేసిన వంటల పుస్తకం కొనుక్కునేవాళ్లు నిజానికి ఏం కొంటున్నట్టు? హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పరిచే పాత పుస్తకాల్లో మాలతీ చందూర్ ‘వంటలు - పిండివంటలు’ కనిపిస్తే నా చెయ్యి ఆగదు. ఎన్నో ముద్రణలు పొందిన పుస్తకమది. నా దగ్గర మూడు ప్రతులున్నాయి. మూడూ ఒకటి కావు. ఒకదాంట్లో పిండివంటల పేజీలన్నీ నూనె మరకలే. ఇంకోదాంట్లో పెద్ద సంసారానికి సరిపడా పెన్సిల్‌తో పెంచిన కొలతలు. మూడోదాంట్లో ఒకావిడ ఉప్పు తగ్గించమని తనకు తానే చెప్పుకుంది.

ఆ చేతిరాతలను నేను రచనలే అంటాను. ఇంటిల్లిపాది నాలుకలకూ లోబడి వండుతూనే, అచ్చయిన మాటను దిద్దే అధికారం ఆ స్త్రీలు తీసుకున్నారు. ఆ రాతలే పాత పేపర్లతో పాటు తూకానికి పోయాయి. వాటిని ఏరి దాచుకోవడం చరిత్రను దాచుకోవడమే.

కానీ ఎవరి చరిత్ర? అంచుల్లో రాయాలన్నా ముందు పుస్తకం ఉండాలి, చదువుండాలి. ‘భారతీయ వంట’ అనే భావనను నగరాల మధ్యతరగతి స్త్రీల వంటల పుస్తకాలు ఎలా తయారుచేశాయో అర్జున్ అప్పాదురై 1988లోనే చర్చించాడు. నా అలమారాలో కాకినాడ పక్కనున్న ఉప్పాడ లేదు. ఇసుకలో నెత్తళ్లు ఎండబెట్టి, గంపకెత్తుకుని అమ్మి, మిగిలినవాటితో పులుసు కాచే మత్స్యకార స్త్రీ లేదు.

పోనీ, మనమే వెళ్లి రాసుకొస్తే? ఉప్పాడలో ఒకామెను పులుసు గురించి అడిగితే, ‘‘రాసుకుంటే మీకు పుత్తకం అవుద్దండి. మరి నాకేటొత్తదండి?’’ అంది. న్యాయమైన ప్రశ్న. ఆ ఊరి జాందానీ చీరకు 2009లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. నేతకు ఊరి పేరు ఆస్తి అయింది. పులుసుకు వండిన మనిషి పేరైనా దక్కదు.

అలాగని రాయకుండా ఊరుకోవడమూ గౌరవం కాదు. ఏళ్లుగా ఆ తీరాన్ని సముద్రం కోసుకుపోతోంది. ఇళ్లు పోయినచోట పొయ్యిలూ పోతాయి. మరాఠీలో షాహూ పాటోళే 2015లో ‘అన్న హే అపూర్ణబ్రహ్మ’లో దళితుల తిండి గురించి దళితుడిగా తనే రాశాడు. అదొక దారి. ఉప్పాడ ఆడపిల్లలు ఇప్పుడు బడికి వెళ్తున్నారు. తల్లి చెబుతుంటే కూతురు రాయాలి. పుస్తకం మీద వాళ్ల పేర్లుండాలి, డబ్బు వాళ్లకే చేరాలి. మనం చెయ్యగలిగింది అచ్చుకు సాయం. ఆ తర్వాత కొనుక్కోవడం, ఈసారి కొత్త ప్రతినే, పూర్తి వెలకు.