కథ ముగిసిన పిదప

మొన్నటి సంక్రాంతి సెలవులలో మా పూర్వశిష్యుడొకడు మా యింటికి వచ్చి, తాను పలుమార్లు ఆడిన వీడియో ఆటను గూర్చి చెప్పుచు, "మాస్టారూ, కథ పూర్తి అయిన తరువాత కూడా ఆ వీరుణ్ణి మళ్ళీ తీసుకురావడం న్యాయమేనా?" అని యడిగెను. ప్రశ్న చిన్నదే, కాని దానిలో నొక ధర్మసందేహ మిమిడియున్నది.

వాడు చెప్పిన వీరుడు క్రేటోస్. 'గాడ్ ఆఫ్ వార్' అను ఆట 2005లో వెలువడినది. స్పార్టా సేనానియైన యితడు యుద్ధదేవతయగు ఏరీస్ మోసమున తన భార్యను, కుమార్తెను స్వహస్తములతో చంపుకొనెను. వారి భస్మము అతని చర్మమున కంటుకొని శాశ్వతముగా నిలిచిపోయెను. నాటినుండి ప్రతీకారమే యతని కథ. 2010 నాటి మూడవ యాటలో కన్నతండ్రియైన జ్యూస్‌ను గూడ వధించి, తుదకు కత్తితో తన్ను తాను పొడుచుకొనెను. పగ తీరినది. ఇక చెప్పుటకేమియు లేదని యెవ్వరైన ననవచ్చును.

అయినను 2018లో అతడు మరల కనబడెను. ఈసారి గ్రీకు దేశము కాదు; మంచు కప్పిన ఉత్తరభూమి. రెండవ భార్య మరణింపగా, ఆమె కోరినట్లు ఆమె భస్మమును అత్యున్నత శిఖరమునకు గొనిపోవుటకై చిన్న కుమారునితో బయలుదేరెను. మొదటి కథలో దేహమున కంటిన భస్మము శాపము. రెండవ కథలో చేతబట్టిన భస్మము కర్తవ్యము. చేతులపై గొలుసుల మచ్చలను కట్లతో కప్పుకొన్నను, కుమారుడు వ్యాధిగ్రస్తుడైనపుడు దాచిన పాత ఆయుధములనే వెలికితీయవలసి వచ్చెను. తుదకు తాను పితృహంతనని కొడుకు నెదుట నొప్పుకొనెను.

ప్రసిద్ధియే పాత్రను బ్రతికించునని కొందరందురు. పేరుగల వీరుని మరల తెచ్చినచో సరకు సులభముగా నమ్ముడగుననుట నిజమే. కాని యమ్ముడగుట వేరు, బ్రతుకుట వేరు. 1981లో పుట్టిన మారియో నేటికిని దూకుచునే యున్నాడు. ముగియుటకు అతనికి కథ యేది? మన తెనాలి రామలింగనివలె అతడు ప్రతి కథలోను క్రొత్తగా మొదలగును. కథాభారము మోసినవాని సంగతి యట్టిది కాదు.

మన యిండ్లలో రామాయణ పారాయణము పట్టాభిషేకముతో ముగియును. యుద్ధకాండాంతముననే ఫలశ్రుతియు గలదు. అయినను భవభూతి ఉత్తరరామచరితమును వ్రాసెను. తిక్కన నిర్వచనోత్తర రామాయణమును రచించెను. ఏల? రావణుడు చచ్చినను, సీతకు న్యాయము జరిగినదా యను ప్రశ్న చావలేదు. ముగియునవి సంఘటనలు, ప్రశ్నలు కావు. కావున పూర్వకథను తుడిచివేసికొని వచ్చునది వట్టి వేషమనియు, దానికి జవాబుదారియై వచ్చునదే సజీవమైన పాత్రయనియు మా యభిప్రాయము.

ఈ మాట ఆటలకు మాత్రమే చెల్లునా? చాల యేండ్ల క్రిందట, పరీక్షలో చూచి వ్రాసిన యొక బాలుని తరగతి యెదుట నిలిపి, వాని కథ యంతటితో ముగిసినదని మేము మనసున నిశ్చయించుకొంటిమి. అటుపిమ్మట వాడేమి చేసినను ఆ యొక్క దినముతోనే కొలిచితిమి. సంక్రాంతికి మా యింటికి వచ్చి పై ప్రశ్న నడిగినవాడు వాడే.

"న్యాయమే, నాయనా" అని బదులు చెప్పితిమి. చదువరులును తమ యిండ్లలోని పిల్లలను గూర్చి తీర్పు ముగించుటకు ముందు ఈ విషయమును విచారింతురుగాక.