కానరానిది లేనిదియేనా?

చిన్న విమానమును నడుపువానికి నేడొక క్రొత్త సాక్షి తోడయ్యెను. అరచేతిలో నిముడునంతటి రిసీవరు నొకదానిని గాజుతెర చెంత నమర్చి, దానిని వై-ఫై మూలమున టాబ్లెట్టుతో జతపరచినచో, చుట్టుప్రక్కల నెగురుచున్న విమానములు తమ స్థానమును, ఎత్తును, వేగమును తెలుపుచు సెకనునకు ఒకటి రెండు మారులు వెలువరించు రేడియో సంకేతములను అది గ్రహించి, పటముపై చిన్న గుర్తులుగా చూపును. గుర్తు కనబడినపుడు చిక్కులేదు; వైమానికుడు ఆ దిక్కునకు చూచి తన త్రోవను మార్చుకొనును. చిక్కంతయు గుర్తు కనబడనపుడే. తెర శూన్యముగా నున్నది. అంతమాత్రమున ఆకాశము శూన్యమని నిశ్చయింపవచ్చునా? యంత్రజ్ఞుడు దీనిని మరమ్మతునకు సంబంధించిన ప్రశ్నగా భావించును. కాని, లేమిని మనమెట్లు తెలిసికొందుమను నీ ప్రశ్న మన దర్శనకారులు శతాబ్దముల తరబడి వాదించిన ప్రశ్నయే. దాని చివరి కొస ఈశ్వరాస్తిత్వ విచారమును సైతము తాకుచున్నది.

నేలపై కుండ లేదను జ్ఞానము కలుగు విధమెట్టిదని పూర్వులు విచారించిరి. కుమారిలభట్టు తన శ్లోకవార్తికమున అభావవాదమను ప్రకరణమునే దీనికై కేటాయించి, ప్రత్యక్షాదులైన ఐదు ప్రమాణములకు నందని యభావమును గ్రహించుటకు అనుపలబ్ధి యను ఆరవ ప్రమాణమును స్థాపించెను. వ్యవహారవిషయమున భాట్టుల మార్గమునే యనుసరించు అద్వైతులు దాని నంగీకరించిరి. ధర్మరాజాధ్వరీంద్రుని వేదాంతపరిభాషయందు అనుపలబ్ధికి ప్రత్యేక పరిచ్ఛేదమే కలదు. ప్రభాకరుని యనుయాయులు అభావమను వేరు వస్తువే లేదు, ఉన్నది వట్టి నేలయే యనిరి. నైయాయికులు అభావమును పదార్థముగా నొప్పుకొనియు, దానిని గ్రహించుటకు ఇంద్రియమే చాలును, వేరొక ప్రమాణమేల యనిరి. ఆంధ్రుడని ప్రసిద్ధిగాంచిన అన్నంభట్టు తర్కసంగ్రహమున బాలురకు బోధించినది ఈ మార్గమే. ఇన్ని మతభేదములున్నను, లేమిజ్ఞానమునకు అనుపలబ్ధిని కారణముగనో తోడుగనో స్వీకరించిన వారెల్లరును ఒక్క నియమమున కట్టుబడియుండిరి: కనబడకుండుట యంతయు లేమిని సాధింపదు, కనబడుటకు వలసిన సామగ్రి సమస్తము నుండియు కనబడనపుడే అది సాధించును. దీనినే యోగ్యానుపలబ్ధి యనిరి. బౌద్ధాచార్యుడగు ధర్మకీర్తియు దృశ్యమగుదాని యనుపలబ్ధినే హేతువుగా గైకొనెను. చీకటిలో కుండ కానరాలేదన్న మాటకు విలువ యేమి? వెలుగున్నది, కన్ను చక్కగా నున్నది, నేల కనబడుచున్నది. కుండయే యుండినచో నేలవలె నదియు కనబడియుండెడిది - అను తర్కము నిలిచినపుడే 'లేదు' అనుమాట ప్రమాణపదవి నందుకొనును.

ఈ దృష్టితో చూచినచో, రిసీవరు దోషములను వెదకుట యనగా యోగ్యతను విచారించుటయే. ఆశ్చర్యమేమనగా, ఈ విచారమునకు వలసిన పట్టికను ఈశ్వరకృష్ణుడు సాంఖ్యకారికలలో ఏడవదానియందు ఏనాడో కూర్చియుంచెను. ఉన్న వస్తువు కానరాకపోవుటకు ఆయన యెనిమిది కారణములను చెప్పెను: అతిదూరము, అతిసామీప్యము, ఇంద్రియఘాతము, మనస్సు నిలుకడలేమి, సూక్ష్మత, వ్యవధానము, అభిభవము, సమానవస్తువులతో కలిసిపోవుట. ఈ యెనిమిదియు వైమానికుని చిన్న పరికరమున ఒక్కటొక్కటిగా కాన్పించును.

ఈ సంకేతములు సూటిగా పయనించునవి గనుక, కొండ చాటునకు పోయిన విమానము దగ్గరిదైనను దూరమైనదే. భూమిపైనున్న కేంద్రము వెలువరించు సమాచారము తక్కువ యెత్తున నెగురువానికి పెక్కుమారులు అందదు. ఇది దూరదోషము. ఇక సామీప్యము విచిత్రమైనది. ఈ సంకేతములను వెలువరించు ప్రతి విమానమునకును ఇరువదినాలుగు బిట్ల చిరునామా యొకటి కలదు. తన విమానపు చిరునామాను పరికరమునకు తెలుపనివానికి, సంకేతములను వెలువరించు తన ట్రాన్స్‌పాండరు పలికిన పలుకే పరుల పలుకై, తన ఎత్తుననే, తన ప్రక్కనే యొక విమానము వెన్నంటుచున్నట్లు తెరపై భూతమువలె కనబడును. ఆ పీడను వదలించుకొనుటకై అతిసమీపమున నున్న గుర్తునెల్ల మరుగుపరచినచో, నిజముగా చెంతకు వచ్చిన పరవిమానమును మరుగుపడును. ఎండలో గాజుతెరక్రింద వేడెక్కి పరికరము తనకుతానే ఆగిపోవుట, యాంటెన్నా బిగువు సడలుట, బ్యాటరీ క్షీణించుట, సాఫ్ట్‌వేరు పాతబడుట - ఇవి ఇంద్రియఘాతములు. ఇంద్రియము విషయమును గ్రహించినను మనస్సు దానితో కూడనిచో జ్ఞానము కలుగదని తార్కికులు చెప్పిరిగదా. రిసీవరు చక్కగా వినుచుండగనే వై-ఫై తెగిపోవుటయు, టాబ్లెట్టు వేరొక నెట్‌వర్కును పట్టుకొనుటయు, ఇంత యెత్తునకు పైవానిని, ఇంతకు దిగువవానిని చూపవలదని యెన్నడో పెట్టిన నిబంధన మరువబడుటయు ఇట్టి మనోదోషములే.

సూక్ష్మతకు నిదర్శనముగా ఏ సంకేతమును వెలువరింపని విమానములను చెప్పవలెను. అమెరికాలో 2020 జనవరి మొదలుకొని నియంత్రిత గగనభాగములలో పెక్కింట ఏడీఎస్-బీ యనబడు ఈ సంకేతముల ప్రసారము విధిగా నున్నను, విద్యుద్వ్యవస్థ లేకయే నిర్మింపబడిన పాత విమానములకును, గ్లైడర్లకును, బెలూనులకును మినహాయింపులు కలవు. ఇవి నిజముగా నున్నవి, చట్టప్రకారమే యున్నవి, కాని తెరకు లేవు. ఇంజను, లోహపు రెక్క, కార్బన్ ఫైబరు దేహము, తుదకు వైమానికుని శరీరమును వ్యవధానములగును. ఛార్జరునుండి, చిన్న కెమెరానుండి వెడలు విద్యుత్‌ఘోష జీపీఎస్ యొక్క మిక్కిలి క్షీణమైన సంకేతమును ముంచివేయుట అభిభవము. ఒకే విమానము నేరుగా నొకమారును, భూకేంద్రపు రాడారు ద్వారా మరియొకమారును వినబడి తెరపై రెండై నిలుచుట సమానాభిహారము.

ఇంతేకాక, ప్రతి యింద్రియమునకును తన విషయము వేరు. చెవికి రంగు తెలియదు. పెద్ద విమానములు 1090 మెగాహెర్ట్జులపై పలుకును; అమెరికాలో 18,000 అడుగుల లోపల నెగురు చిన్న విమానములు పెక్కు 978 మెగాహెర్ట్జులపై పలుకును; స్విట్జర్లండున 2004లో పుట్టి ఐరోపా గ్లైడర్లలో వ్యాపించిన ఫ్లార్మ్ వేరొక విధమున పలుకును. ఒక్కదానినే వినగల రిసీవరు నిర్దుష్టమైనను తక్కినవాని విషయమున బధిరమే.

వీనియన్నిటికంటెను మోసకరమైనది అర్ధదర్శనము. అమెరికాలోని భూకేంద్రములు రాడారు చూచిన విమానముల వివరములను అందరికై ప్రసారము చేయవు. తమకు సంకేతము పంపుచున్న విమానము చుట్టును 15 నాటికల్ మైళ్ల వ్యాసార్ధమున, 3,500 అడుగుల పైకిని క్రిందికిని గల స్తంభాకార ప్రదేశమున నున్నవానిని మాత్రమే, దాని నిమిత్తమై ప్రసారము చేయును. వినుటయే కాని పలుకుట లేని చిన్న రిసీవరును మాత్రము వెంటగొని పోవువానికి, అన్యుల నిమిత్తమై పలుకబడినది కొంత చెవినబడును. తెరపై పది గుర్తులు మెరయును. తన యెదుటనున్న పదునొకండవది మాత్రము కానరాదు. పూర్ణశూన్యమైన తెర సందేహమునైన కలిగించును. సగము నిండిన తెర సంపూర్ణజ్ఞానమను భ్రమను కల్పించి, ప్రశ్నించు బుద్ధినే నిద్రపుచ్చును.

ఇది వట్టి తర్కము గాదు. 2019 మే 13న అలాస్కాలోని కెచికాన్ సమీపమున, ఓడలపై వచ్చిన యాత్రికులకు ప్రకృతిశోభను జూపి మరలుచున్న రెండు నీటివిమానములు, ఒక బీవరును ఒక ఆటరును, పట్టపగలు ఢీకొనగా ఆరుగురు మరణించిరి. ఇరువురియొద్దను ఇతర విమానములను చూపు సాధనము లుండెను. ఆటరు తన పీడనమును బట్టి తెలియు నెత్తును ప్రసారము చేయకుండుటచే బీవరులోని టాబ్లెట్టు హెచ్చరింపలేదు. ఆటరులోని వ్యవస్థకు పూర్వముండిన హెచ్చరించు శక్తి, క్రొత్త పరికరమును అమర్చినపుడు తొలగిపోయెను. జాతీయ రవాణా భద్రతా మండలి విచారించి, చూచి తప్పించుకొనుట యను పద్ధతికి స్వభావసిద్ధముగా నున్న పరిమితులే ఇరువురును ఒకరినొకరు కానకుండుటకు కారణమని నిర్ణయించి, హెచ్చరికల లేమినియు దానితోపాటు కారణముగా చెప్పెను. కన్నును యంత్రమువలెనే యొక పరికరమని ఈ నిర్ణయము మనకు జ్ఞప్తి చేయుచున్నది. సూటిగా ఢీకొనుటకు వచ్చుచున్న విమానము గాజుతెరపై ఒకే చోట కదలక నిలిచియుండును. కన్నో, కదలుదానిని పట్టుటలో నేర్పు గలది. అనగా ఏది మిక్కిలి ప్రమాదకరమో అదియే కంటికి మిక్కిలి దుర్గ్రహము.

అట్లయిన యోగ్యతను నిశ్చయించుట యెట్లు? శూన్యమును ఎంతసేపు చూచినను శూన్యము తన్నుగూర్చి సాక్ష్యమీయదు. ఉన్నదని వేరు మార్గమున తెలిసిన వస్తువు పరికరమునకు కనబడుచున్నదా యని పరీక్షింపవలెను. కంటికి గానవచ్చుచున్న ఆ విమానము తెరపై నున్నదా? రేడియోలో తన స్థానమును ఇప్పుడే చెప్పినవాని గుర్తు ఆ చోట కలదా? భూకేంద్రముల సంకేతము వచ్చుచున్నట్లు పరికరము చెప్పుచున్నదా? ఈ ప్రశ్నలకు ఔనని యుత్తరము వచ్చినంతమేరకే, ఆ దిక్కున, ఆ జాతి విమానముల విషయమున, తెర చెప్పు 'లేదు' అను మాటను నమ్మవచ్చును. లేమిజ్ఞానము ఎల్లప్పుడును ఉనికిజ్ఞానమునుండి తెచ్చుకొన్న యప్పు.

ఇప్పుడు పెద్ద ప్రశ్నకు వత్తము. ఈశ్వరుడు కనబడలేదు గనుక లేడని చార్వాకుడనెను. ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలి మూడవ స్తబకమున దీనికి సమాధానము చెప్పుచు, కనబడుటకు యోగ్యమైనది కనబడనపుడే లేదనవలెను గాని, వట్టి కానరామియే ప్రమాణమైనచో ఇల్లు వెడలిన చార్వాకుడు భార్యాపుత్రులు కనబడుట లేదు గనుక వారు లేరని నిశ్చయించి యింటికి మరలి రాకుండవలసి వచ్చునని పరిహసించెను. పరిహాసము బలమైనదే. కాని దీనితో ఆస్తికుడు గెలిచెనని సంతసించుట తొందరపాటు. ఉదయనుడు సాధించినది తెర శూన్యమైనంతమాత్రమున ఆకాశము శూన్యము కాదనుటయే. ఆకాశమున విమానము కలదని కాదు. యోగ్యత లేని చోట కానరామి యేమియు చెప్పదు: 'లేదు' అనియు చెప్పదు, 'కలదు' అనియు చెప్పదు. ఆ సంగతి యెరిగినవాడు గనుకనే ఉదయనుడు అంతటితో నాగక, కార్యమునుండి కర్తను సాధించు అనుమానములను వేరుగా రచించెను. నిరీశ్వరమని పేరొందిన సాంఖ్యమును ఇట్లే చేసెను: ప్రకృతి కానరాకుండుట సూక్ష్మతవలన గాని లేమివలన గాదని చెప్పి, అంతతో ఊరకుండక, కార్యములనుబట్టి అది తెలియుచున్నదని కారణమును చూపెను. సూక్ష్మతను మాత్రమే పట్టుకొని వ్రేలాడినచో కుందేటి కొమ్మును కూడ ఉన్నదనవలసి వచ్చును.

అద్వైతమున వివేకము, వైరాగ్యము, శమాదిషట్కము, ముముక్షుత్వము అను సాధనచతుష్టయము జిజ్ఞాసువునకు విధింపబడినది. ఇది యోగ్యతాసంపాదనమే, పరికరమును చక్కజేసికొనకయే ఆకాశముపై తీర్పు చెప్పవలదనుట న్యాయమే. కాని యిందొక ప్రమాదము కలదు. ఎంత సాధన చేసినను దర్శనము కాలేదని విన్నవించువానికి, 'నీ యోగ్యత చాలదు' అని మాత్రమే ఎల్లప్పుడును సమాధానము చెప్పుచు, చాలిన యోగ్యతకు గుర్తు దర్శనమే యని చెప్పినచో, అది అన్యోన్యాశ్రయదోషమున పడిన వాదమగును. ఎన్నటికిని ఓడింపరాని వాదము ఎన్నటికిని బోధింపజాలదు. రిసీవరు యోగ్యతను దాని శూన్యతెరతో గాక తెలిసిన విమానములతో పరీక్షించినట్లే, సాధకుని యోగ్యతను దర్శనముతో నిమిత్తము లేని గుర్తులతో పరీక్షింపవలెను: కోపము తగ్గినదా, లోభము సడలినదా, పరుని దుఃఖము మునుపటికంటె స్పష్టముగా కనబడుచున్నదా? కంటియెదుటనున్న మనుష్యునే కానలేనివాడు కంటికందని దానిపై 'ఉన్నది' యన్నను 'లేదు' అన్నను ఆ మాటకు తూకము లేదు.

అనిశ్చయము నిష్క్రియతకు దారి కాకూడదు. వైమానికుడు సర్వము నిశ్చయమగువరకు గాలిలో ఆగియుండలేడు. మనుష్యుడును తత్త్వనిర్ణయమగువరకు జీవితమును ఆపలేడు. తెరను చూచి, కిటికీనుండి చూచి, రేడియోలో విని, తాను పలికి, ఒక ప్రమాణపు లోపమును వేరొక ప్రమాణముతో పూరించుకొనుచు సాగుటయే మార్గము. పరికరములను నిందించుట యెంత అవివేకమో, వానికి తీర్పరి పదవి నొసగుటయు అంతే యవివేకము. కావున పాఠకులారా, విమానముల విషయమునను, దైవవిషయమునను, సాటిమానవుని మంచితనపు విషయమునను 'లేదు' అను మాట నోటికి వచ్చునపుడు, అది యుండినచో నాకు కనబడియుండెడిదియా యని యొక్కమారు ప్రశ్నించుకొనుడు. ఔనని నిర్భయముగా చెప్పగలిగినపుడు మాత్రమే ఆ మాటను పలుకుడు.