ఉద్వాసన లేని ఆవాహన

తిరుమల యాత్ర ముగించుకొని, మదరాసులో, తెరపై దేవుడుగా కనుపించిన నటుడు నందమూరి తారక రామారావుగారి యింటి ముంగిట చేతులు జోడించి నిలిచిన యాత్రికులను తలచి నవ్వుకొను విద్యావంతులు మనలో కొందఱు గలరు. ఆ నవ్వు తొందరపాటని నా యభిప్రాయము. వినాయక చవితినాడు మట్టిబొమ్మలో దైవమును ఆవాహనచేసి, పూజానంతరము ఉద్వాసన చెప్పి, నీట నిమజ్జనము గావించు జాతికి, ఉపాధి వేఱు, అందు భావింపబడిన దైవము వేఱు అను వివేకము చిరపరిచితమే. 1957 నాటి మాయాబజారు చిత్రమున ఆయన కృష్ణుడై రాగా జూచి చేతులెత్తిన ప్రేక్షకుడే, 1961లో సీతారామ కల్యాణమున ఆ నటుడు రావణుడై వచ్చినప్పుడును మెచ్చుకొనెను; 1977లో దానవీరశూరకర్ణమున కృష్ణ దుర్యోధన కర్ణులు మువ్వురును ఒక్క దేహముననే వెలసినను ఎవ్వరి భక్తియు చెడలేదు. (దుర్యోధనుడే పలువురకు ఎక్కువ నచ్చినాడనుట వేఱు సంగతి.)

చిక్కు మఱియొకచోట నున్నది. మట్టిబొమ్మకు ఉద్వాసన కలదు, చలనచిత్రమునకు లేదు. ఆట ముగిసి దీపములు వెలిగినను, దైవము నటుని వీడిపోవలెనని చెప్పు మంత్రమేదియు లేకపోవుటచే, ఆ ముఖము క్యాలెండరు నెక్కి, గోడ నెక్కి, తుదకు కన్నులు మూసి ధ్యానించువాని మనస్సునందును నిలిచిపోయినది. పోతన భాగవతము చదువుకొన్నవాడు కృష్ణుని తనకు తోచినట్లు రూపించుకొనెడివాడు. ఆ స్వేచ్ఛ నేటి భక్తునికి కొఱవడినది. ఇందుకు నటుని తప్పుపట్టుట తగదు గాని, నష్టము మాత్రము చిన్నది కాదు.