పారవేసిన దీపము ఎవరిది?

ధ్యాన భాగము: నిర్గమకాండము 21:33, 34

ఒక వస్తువు మన చేయి విడిచిన తరువాత దానికి మనము ఉత్తరవాదులమా? పగిలిన కుండను, చిరిగిన చాపను పెంటకుప్ప మీద వేసి మరచిపోవుట మన వాడుక. వాటివలన ఎవరికిని కీడు లేదు. అయితే మన యిండ్లలో ఇంకను మిగిలియున్న ట్యూబులైట్లు, సి.ఎఫ్.ఎల్. బల్బులు అట్టివి కావు. వాటి గాజు గొట్టములో కొన్ని మిల్లీగ్రాముల పాదరసముండును. గొట్టము పగిలినయెడల అది ఆవిరియై ఊపిరితో లోపలికి పోవును. నీటిలో చేరినయెడల మరింత విషముగా మారి చేపలలో పేరుకొనును.

జపానులోని మినమాటాలో ఒక కర్మాగారము పాదరసపు మురుగును సముద్రములోనికి విడిచెను. అక్కడి చేపలు తిన్నవారికి కాలుసేతులు పట్టుతప్పెను. గర్భమందలి శిశువులు సహితము దెబ్బతినిరి. ఈ వ్యాధి 1956లో బయటపడెను. మన యింటి బల్బు ఒక్కటి అంత కీడు చేయదు, నిజమే. గాని ఒక్కటే గదా అని ఇంటింటను అనుకొందుము.

మోషే ధర్మశాస్త్రములో గోతిని గూర్చిన విధి యున్నది. గొయ్యి త్రవ్వినవాడు దానిని మూయక విడువగా పొరుగువాని పశువు అందులో పడినయెడల, త్రవ్వినవాడే ఆ నష్టము తీర్చవలెను. అతనికి ఆ పశువు మీద పగ లేదు. అది పడిన వేళ అతడు ఇంట నిద్రించుచుండవచ్చును. అయినను దేవుడు అతనిని లెక్క అడుగుచున్నాడు. చేసిన కీడుకే గాక, మూయక విడిచిన అపాయమునకును మనము ఉత్తరవాదులము.

పెంటకుప్పలోని గాజు పెంకులు మన గొయ్యియే. అందులో చేయి పెట్టునది ఎవరు? చెత్త ఏరుకొను బిడ్డ. ఊరు ఊడ్చు పారిశుద్ధ్య పనివారు. వారిలో అనేకులు మన సంఘములవారే. ఆదివారము ప్రభువు బల్లయొద్ద వారితో రొట్టె పంచుకొని, సోమవారము వారి చేతికి గాజు పెంకులు అందించుట ఎట్టి సహవాసము?

కాబట్టి మాడిపోయిన దీపమును పగులగొట్టకుడి. అట్టపెట్టెలో పెట్టి పిల్లలకు అందని చోట ఉంచుడి. పొరపాటున పగిలినయెడల కిటికీలు తెరచి, అందరు కొంతసేపు బయట ఉండుడి. పిమ్మట చీపురు వాడక, అట్టముక్కతో పెంకులెత్తి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డతో కూడ అన్నియు మూతగల సీసాలో వేయుడి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న మన దేశపు ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమములలో పాదరసపు దీపములును చేరియున్నవి. వాటిని ఆ వ్యర్థములు తీసికొను కేంద్రమునకు ఇయ్యవలెను. ఒక్క దీపము కొరకు పట్టణము పోవుట బీదవానికి భారమే. సంఘమంతయు ఒకచోట కూర్చి, పనిమీద పోవువారితో పంపినయెడల భారము తేలికయగును.

మూయని గోతులు మన వాకిట ఇంకెన్ని యున్నవో చూచుకొందము. ప్రభువు మనకు పొరుగువానిని తలంచు మనస్సు దయచేయును గాక. ఆమేన్.