ఒక తండ్రి, మూడు మతములు

సర్వమతములును ఒక్క మాటనే చెప్పుచున్నవనుట విద్యావంతుల గృహములయందు మర్యాదగా స్థిరపడినది. కలహమును మాన్పుటకు పుట్టిన మాట గనుక దాని యుద్దేశమును మేము నిందింపము. అయినను అది సత్యమా యని విచారింపక వల్లించుట మేలుకాదని మాకు తోచుచున్నది. ఏలయన, ఎదుటివాని మతమును తెలిసికొను శ్రమను తప్పించుకొనుటకును ఆ మాటయే సాధనమగుచున్నది. యూదమతము, క్రైస్తవము, ఇస్లాము అను మూడింటిని తీసికొని యీ సంగతిని పరీక్షింతము.

వీని బాంధవ్యము స్పష్టము. జగత్కర్త యొక్కడే యనియు, అతడు ప్రవక్తల మూలమున మనుష్యులకు తన చిత్తమును తెలుపుననియు, ప్రతి మనుష్యుడును తన పనులకు అతని యెదుట ఉత్తరవాది యనియు మూడును చెప్పుచున్నవి. మన తెలుగు ఊళ్లలో ఒక వీథిని అబ్రాహాము, మోషే, దావీదు అని వినబడు పేళ్లే మఱియొక వీథిని ఇబ్రాహీము, మూసా, దావూదు అని వినబడుచున్నవి. దానవిషయమునను ఈ పోలిక కలదు. యూదులు దానమునకు వాడు 'సెదాకా' యను శబ్దము న్యాయార్థకమైన ధాతువునుండి పుట్టినది. అనగా బీదవానికిచ్చుట దయ మాత్రమే కాదు, న్యాయము. ఇస్లామునందు ఒక యేడు నిలిచిన ధనమున నలువదవ పాలు జకాతుగా ఇయ్యవలెను. పొరుగువానిని ప్రేమింపవలెనని యేసు బోధించిన ధర్మము అంతకుముందే మోషే ధర్మశాస్త్రమున నున్నది.

అయినను బంధువులైనంత మాత్రమున ముగ్గురు ఒక్కరు కాజాలరు. యూదులు యేసును మెస్సీయగా అంగీకరింపలేదు. క్రైస్తవులు అతనిని దేవుని కుమారునిగా కొలుతురు. 325వ సంవత్సరమున నీకియా సభ ఆ విశ్వాసమును సూత్రీకరించినది. ఖురాను అతనిని మెస్సీయ యనియు, కన్యక యైన మరియము కుమారుడనియు, మహాప్రవక్త యనియు గౌరవించును గాని, దేవునికి సంతానము కలదనుటను నిరాకరించును. క్రైస్తవుని ముక్తికి మూలమైన సిలువ మరణమునే ఇస్లాము ఒప్పుకొనదు. ఇది మాటల భేదము కాదు. ఇక ఆచారమున చూతుమా, సున్నతి, పందిమాంస నిషేధము యూదులకును ముస్లిములకును సమానము; క్రైస్తవులకు ఇవి విధులు కావు. కావున యేసును గౌరవించుటలో ఇస్లాము క్రైస్తవమునకు దగ్గరగను, విధినిషేధములలో యూదమతమునకు దగ్గరగను ఉన్నది.

కుమారుని బలియిచ్చుటకు సిద్ధపడిన అబ్రాహాము కథను చూడుడు. సామ్యమును భేదమును ఒక్కచోటనే కనబడును. యూదుల గ్రంథమున ఆ కుమారుడు ఇస్సాకు. తండ్రి తన సంకల్పమును అతనికి చెప్పడు. కొండపై కట్టుకట్టి కత్తి యెత్తగా దేవదూత వారించును. యూదులు తమ నూతన సంవత్సరపు పండుగలో ఈ కథను చదివి, ఆ కట్టుబాటును తలచి తమను కరుణింపుమని దేవుని వేడుదురు. క్రైస్తవులు ఇదే కథలో, తన కుమారుని లోకమునకై యిచ్చిన దేవుని ముందునీడను చూతురు. ఖురానునందు కుమారుని పేరు లేదు. అతడు ఇష్మాయేలని ముస్లిములలో అధికసంఖ్యాకుల విశ్వాసము. అచ్చట తండ్రి తన కలను కుమారునికి చెప్పి అతని తలంపు నడుగును, కుమారుడు సమ్మతించును. ఇస్లాము అను పేరునకు మూలమైన ధాతువే ఆ యిరువురి సమర్పణమును తెలుపుటకు అచ్చట వాడబడినది. బక్రీదు పండుగ దానికి స్మారకము. ఒకరికి కరుణ, ఒకరికి విమోచనము, ఒకరికి సమర్పణము: కథ యొక్కటియే, మనస్సున నాటుకొను భావములు మూడు. భేదమును తుడిచివేసితిమేని మూడింటిని పోగొట్టుకొందుము.

భేదమే రక్తపాతమునకు కారణము కాదా యని కొందఱు అడుగవచ్చును. 1099లో యెరూషలేమును పట్టుకొన్న క్రైస్తవ యోధులు అచ్చటి ముస్లిములను యూదులను చంపిన మాట నిజమే. కాని తరువాతి శతాబ్దమున, ఒక ముస్లిము ప్రభుత్వపు నిర్బంధమువలన స్పెయినును విడిచిన యూదపండితుడు మైమోనిదీసు, ఈజిప్టులో మఱియొక ముస్లిము ప్రభువైన సలాహుద్దీను ఆస్థానమున వైద్యుడాయెను. అతడు ముస్లిము తత్త్వవేత్తల గ్రంథములను చదివి తన తత్త్వగ్రంథమును అరబ్బీలో వ్రాసెను. దానిని క్రైస్తవాచార్యుడైన తామసు అక్వినాసు ప్రమాణముగా పేర్కొని చర్చించెను. వీరిలో ఎవ్వరును తమ భేదమును దాచుకొనలేదు. కావున చేటు భేదమున లేదు. తండ్రి ఆస్తి తన యొక్కనిదే యను పంతమున నున్నది.

అబ్రాహాము సమాధి యని యూదులును ముస్లిములును పూజ్యముగా చూచు గుహ హెబ్రోనున కలదు. ఆ యూరిలో 1929లో అరవైయేడుగురు యూదులు చంపబడిరి. 1994లో ఆ గుహపై గల మందిరముననే, నమాజు చేయుచున్న ఇరువదితొమ్మండుగురు ముస్లిములను ఒక యూదుడు కాల్చి చంపెను. పిమ్మట ఆ మందిరము రెండుగా విభజింపబడినది. కాని ఆదికాండము, అబ్రాహాము మరణించినప్పుడు ఇస్సాకును ఇష్మాయేలును కలిసి అతనిని ఆ గుహలో పాతిపెట్టిరని చెప్పుచున్నది. తల్లుల నాటి వైరము తీరినదని గాని, ఇరువురి మతి యొక్కటియైనదని గాని అది చెప్పదు. భేదము భేదముగానే యుండగా ఇద్దఱును వచ్చి తండ్రికి చేయవలసినది చేసిరి. మన బిడ్డలకు మతములన్నియు ఒక్కటే యని నేర్పుటకంటె ఈ సంగతిని నేర్పుట మేలని మా యభిప్రాయము.